బాయిలర్ ఆగిందా? లోపం పైపుల్లో ఉండొచ్చు, రిపేరు ఖర్చు మాత్రం మీది కాదు

మీరు వాన్‌లో ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నారనుకోండి. జనవరి పొద్దున సైటుకి బయల్దేరాలి. ట్యాప్ తిప్పితే ఐసు నీళ్ళు, గది చల్లగా ఉంది. ఓనర్‌కి చెబితే "నిన్నటిదాకా బాగానే ఉంది, మీరే ఏదో చేసుంటారు" అంటాడు. లేదా మీరు ఒకరింట్లో ఉండి పిల్లల్ని చూసుకుంటున్నారు. బాయిలర్ ఆగింది. "రిపేరు డబ్బు నీ జీతంలో పట్టుకుంటా" అంటుంది ఇంటావిడ.

ఈ రెండు మాటలకీ జవాబు చెప్పాలంటే రెండు సంగతులు తెలిసుండాలి. ఒకటి, బాయిలర్ ఆగిందంటే చాలాసార్లు బాయిలర్ పాడైందని కాదు, ఇంటి పైపుల్లో ఏదో తేడా వచ్చిందని. రెండు, దాన్ని బాగుచేయించే బాధ్యత ఎవరిదో చట్టంలో రాసుంది.

ముందు మీ ఇంట్లో ఉన్నదేమిటో చూసుకోండి

మన ఊళ్ళో బాయిలర్ అంటే స్నానానికి నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్. ఇక్కడ అర్థం వేరు. గోడలోనో నేలలోనో ఉన్న జల్లెడల్లోంచి వేడిగాలి వస్తుంటే అది ఫర్నేస్. వాన్‌లో ఎక్కువ ఇళ్ళకి అదే. రేడియేటర్లలోనో నేల కింద పైపుల్లోనో వేడినీళ్ళు తిరిగి ఇల్లు వెచ్చబడుతుంటే అది బాయిలర్. గోడకి తగిలించిన ఒక్క పెట్టే ఇంటి వేడినీ స్నానం నీళ్ళనీ చూసుకుంటే అది కాంబీ బాయిలర్. ఫోన్ చేసినప్పుడు ఈ పేరు సరిగ్గా చెబితే సగం పని అయినట్టే.

గేజ్ ఏం చెబుతోంది?

బాయిలర్ మీద చిన్న గడియారంలాంటి ప్రెషర్ గేజ్ ఉంటుంది. కొన్నిటిలో ఆ అంకె స్క్రీన్ మీద కనిపిస్తుంది. రెండంతస్తుల ఇంట్లో బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు అది దాదాపు 12 నుంచి 15 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. వేడెక్కితే కాస్త పెరుగుతుంది.

అంకె రోజురోజుకీ పడిపోతుంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. రేడియేటర్ కింద, పైపుల జాయింట్ల దగ్గర, సీలింగ్ మీద తడి మరకలు వెతకండి. నీళ్ళు మళ్ళీ మళ్ళీ నింపుకుంటూ పోవడం వైద్యం కాదు. కొత్త నీళ్ళతో వచ్చే ఆక్సిజన్ లోపలి ఇనుముని తుప్పు పట్టిస్తుంది.

వేడెక్కినప్పుడు అంకె 30 దాకా ఎక్కి, పక్కనున్న సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్ళు కారుతుంటే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ పాడై ఉండొచ్చు. లేదా నీళ్ళు నింపే వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదేమో. ఆ కారే గొట్టానికి మూత బిగించకండి. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి అదొక్కటే.

రేడియేటర్ పైన చల్లగా, కింద వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. కింద చల్లగా, పైన వేడిగా ఉంటే అడుగున మట్టి, తుప్పు పేరుకుంది.

వేడినీళ్ళు సరిగ్గా రాకపోతే

ఇంట్లో అన్ని ట్యాపులూ తిప్పి చూడండి. ఒక్క ట్యాపులోనే తేడా ఉంటే లోపం ఆ ట్యాపుదే. దాని మూతిలో ఉండే చిన్న జాలీ పూడుకుపోయి ఉంటుంది. కాంబీ బాయిలర్ నీటి ధారని బట్టి వెలుగుతుంది. ధార మరీ సన్నగా ఉంటే అసలు వెలగదు. చల్లనీళ్ళు బాగా వస్తూ వేడినీళ్ళు మాత్రం అన్నిచోట్లా సన్నగా వస్తుంటే బాయిలర్‌లోకి వెళ్ళే ఫిల్టరో, లోపల గార పట్టడమో కారణం. రెండూ సన్నగా ఉంటే మెయిన్ వాల్వ్ చూడాలి.

ఇంకోటి, చాలామంది మర్చిపోయేది. ఒకే పిడి ఉన్న షవర్ ట్యాప్ లోపల అరిగిపోతే చల్లనీళ్ళు వేడినీళ్ళ పైపులోకి దూరతాయి. బాయిలర్ బాగానే పనిచేస్తున్నా అన్ని ట్యాపుల్లో గోరువెచ్చని నీళ్ళే వస్తాయి. బాయిలర్ మార్చాలని ఎవరైనా అంటే, "ముందు క్రాసోవర్ టెస్ట్ చేశారా?" అని అడగండి.

చలికాలంలో చూడాల్సిన రెండు చోట్లు

కొత్తరకం బాయిలర్లకి ఇంటి బయటికి రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి. మంచు పడి అవి మూసుకుపోతే బాయిలర్ ఆగిపోతుంది. చుట్టూ ఉన్న మంచు చేత్తో తీసేయండి. ఇంకోటి, బాయిలర్ కింద నుంచి డ్రెయిన్‌కి వెళ్ళే సన్నగొట్టం. అది గడ్డకట్టినా పూడుకుపోయినా లోపల గుడగుడమంటుంది, తర్వాత బాయిలర్ లాక్ అవుతుంది. రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కి చూడండి. మళ్ళీ ఆగితే వదిలేయండి. గడ్డకట్టిన పైపుకి మంట చూపించొద్దు, హెయిర్ డ్రయ్యర్ చాలు.

చెయ్యి పెట్టకూడని చోటు

చూడటం, రాసుకోవడం, ఫొటో తీయడం వరకే మన పని. బాయిలర్ మూత విప్పడం, గ్యాస్ లైను ముట్టుకోవడం లైసెన్స్ ఉన్న గ్యాస్ టెక్నీషియన్ పని. ఒంటారియోలో ఆ లైసెన్స్ ఇచ్చేది టీఎస్‌ఎస్‌ఏ. వచ్చినవాణ్ణి కార్డు చూపించమని అడగడం అమర్యాదేం కాదు.

కుళ్ళిన గుడ్ల వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేయండి. బయటినుంచే 911కి గానీ ఎన్‌బ్రిడ్జ్ గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ 1-866-763-5427కి గానీ ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చినా బయటికి పరుగెత్తి 911కి చెప్పండి.

రెనొవేషన్ పనిలో ఉన్నవాళ్ళకి

పైపు కోసే ముందు, మెయిన్ వాల్వ్ మూసే ముందు ఆ ఇంట్లో బాయిలర్ ఉందేమో అడగండి. నీళ్ళు తీసేశాక అది వెలిగితే పాడవుతుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు గాలీ చెత్తా లోపలికి పోతాయి, మరుసటి రోజు నింద మీ మీదికి వస్తుంది. పని ముందూ తర్వాతా గేజ్ ఫొటో తీసి పెట్టుకోండి. ప్లంబింగ్ ఒంటారియోలో సర్టిఫికెట్ తప్పనిసరైన పని. హెల్పర్‌గా వచ్చిన మిమ్మల్ని "గ్యాస్ లైను కూడా విప్పేయ్" అంటే వద్దనండి. ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు ఆక్యుపేషనల్ హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం 43వ సెక్షన్‌లో ఉంది. ముందు సూపర్‌వైజర్‌కి కారణం చెప్పాలి. చెప్పినందుకు పనిలోంచి తీసేయడం, శిక్షించడం చట్టవిరుద్ధం.

అద్దెకుండేవాళ్ళకి

2006 నాటి రెసిడెన్షియల్ టెనెన్సీస్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఇంటిని బాగుచేయించాల్సింది ఓనరే. మీరు కావాలని గానీ నిర్లక్ష్యంతో గానీ పాడుచేస్తేనే ఖర్చు మీది. సెప్టెంబర్ 1 నుంచి జూన్ 15 దాకా గదిలో కనీసం 20 డిగ్రీలు ఉండాలి. బేస్‌మెంట్‌కి సిటీ అనుమతి లేకపోయినా, మీకు పీఆర్ లేకపోయినా ఈ హక్కు పోదు. కానీ ఓనర్ కుటుంబంతో వంటగదిగానీ బాత్‌రూమ్‌గానీ పంచుకోవాల్సిన ఏర్పాటైతే ఈ చట్టం సాధారణంగా వర్తించదు. గది తీసుకునేటప్పుడే ఇది చూసుకోండి.

ఓనర్ మనవాడే, "అన్నా" అని పిలుచుకునేవాడే అయినా, ఫోన్‌తో ఆపొద్దు, మెసేజ్ పెట్టండి. తేదీ, టైము, గది ఉష్ణోగ్రత, గేజ్ అంకె, ఏ ట్యాపులో ఏమైందీ రాయండి, ఫొటో జోడించండి. చేయించకపోతే వాన్ సిటీ బైలా విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు, ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డులో టీ6 ఫారం వేయొచ్చు. కోపంతో అద్దె ఆపకండి. అది మిమ్మల్ని ఖాళీ చేయించడానికి సాకు అవుతుంది. కమ్యూనిటీ లీగల్ క్లినిక్ ఆఫ్ యార్క్ రీజియన్ తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఉచితంగా సలహా ఇస్తుంది.

ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళకి

పనిలో ఏదైనా పాడైందని జీతం కోయడానికి ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ చట్టం 13వ సెక్షన్ ఒప్పుకోదు. మీ చేత సంతకం పెట్టించుకున్నా చెల్లదు. ఉండటానికి ఇచ్చిన గదిని జీతంలో లెక్కవేయాలంటే ఆ గది మనిషి ఉండటానికి తగినట్టు ఉండాలి. జీతం కోస్తే 1-800-531-5551కి ఫోన్ చేసి కనుక్కోండి. క్లెయిమ్ వేయడానికి రెండేళ్ళ గడువుంది. వీసా ఏదైనా ఈ చట్టం మీకు వర్తిస్తుంది.

ఒక చిన్న నోటుబుక్ బాయిలర్ పక్కన పెట్టుకుని, వారానికోసారి తేదీ వేసి గేజ్ అంకె రాయండి. నిమిషం పని. రేపు "నువ్వే పాడు చేశావ్" అని ఎవరైనా అంటే, ఆ అంకె ఎప్పటినుంచి పడిపోతూ వచ్చిందో ఆ పేజీ చూపిస్తుంది.