మాటల గాదె

నోట్లో నానుతూ బయటికి రాని మాట ఎక్కడ ఆగిపోతుంది? అడగ్గానే పద్యంలోకి వచ్చి కూర్చునే మాట ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ ప్రశ్నల్ని గోదావరి జిల్లాలు నూరేళ్లకు పైగా సభలు పెట్టి మరీ అడుగుతున్నాయి.

"ఒరే, ఆ ఇది ఇలా తేరా" అంది అమ్మ. ఏదమ్మా అంటే చెప్పలేకపోయింది. గిన్నె వంచినట్టు చేతులతో చూపించింది. "రెండే అక్షరాలురా. రెండోదానికి ఒత్తుంటుంది. డబ్బా కాదు, దిబ్బా కాదు..." కాసేపు వెతుక్కుని, "నోట్లోనే ఉంది, రావట్లేదు" అని ఊరుకుంది.

ఆ వస్తువు దేనికి వాడతారో అమ్మకు తెలుసు. అటక మీద ఏ మూల పడుందో కూడా తెలుసు. పేరొక్కటే రాలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి కదా, నాకు గుండెల్లో రాయి పడింది. ఆ దిగులుతోనే మాటలు మనసులో ఎలా ఉంటాయో చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ 1966లోనే ఈ అవస్థ మీద ప్రయోగం చేశారు. అరుదైన మాటలకు అర్థం చదివి వినిపించి, ఆ మాటేమిటో చెప్పమన్నారు. అది తోచక కొట్టుకులాడుతున్నవాళ్లు కూడా ఏ అక్షరంతో మొదలవుతుందో, ఎంత పొడవుంటుందో చాలాసార్లు సరిగ్గా చెప్పారు. ఈలోగా అలాంటి శబ్దమే ఉన్న వేరే మాటలు ముందుకు తోసుకొచ్చేవి. అమ్మ నోటికి డబ్బా, దిబ్బా వచ్చినట్టే. అంటే మాట మనసులో ఒకే ముద్దగా ఉండదు. అర్థం ఒక చోట, శబ్దం ఇంకో చోట, రెంటికీ మధ్య ఒక దారి. నడక తగ్గిన దారిలో గడ్డి మొలుస్తుంది, వయసు మీదపడేకొద్దీ ఇంకాస్త ఒత్తుగా. అప్పుడప్పుడూ ఇలా పేరు తట్టకపోవడం ఒక్కటే మతిమరుపు జబ్బుకు గుర్తు కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

చదువుతున్నంతసేపూ నా కళ్ల ముందు అవధాన వేదికే కదిలింది, అడిగినవాళ్ల షరతులకు లోబడి అవధాని అప్పటికప్పుడు పద్యం చెప్పే వేదిక. మేమున్నది కడియం దగ్గర. తిరుపతి వెంకట కవుల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 1870లో ఆ కడియంలోనే పుట్టారు. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో, గోదావరికి ఆవలి పక్క, భీమవరం దగ్గరి యండగండిలో. ఇద్దరూ కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకుని, ఊళ్లూ సంస్థానాలూ తిరిగి శతావధానాలు చేశారు. తిరుపతిశాస్త్రి పోయాక కూడా వెంకటశాస్త్రి తన రచనలకు జంట పేరు వదల్లేదు. ఒకే గురువు దగ్గర, ఒకే పుస్తకాల్లోంచి మాటలు పోగుచేసుకున్న ఇద్దరికి గాదె కూడా ఒకటే అయిపోతుందేమో అనిపిస్తుంది నాకు.

మాటల గాదె లోపల ఎలా ఉంటుందో చూడాలంటే నిషిద్ధాక్షరి చూడాలి. అవధాని ఒక్కో అక్షరమే చెప్పాలి. తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, ఊహించి దాన్ని నిషేధిస్తాడు. ఉదాహరణకు నేనే ఒకటి అల్లి చెబుతాను. గోదావరి మీద కందం అడిగారు. అవధాని "గౌ" అన్నాడు. సభలో సగం మంది మనసులో "గౌతమి" మెదిలింది. పృచ్ఛకుడు "త నిషేధం" అన్నాడు. అవధాని "రీ" అన్నాడు. గౌరీశుడు రాబోతున్నాడని "శ నిషేధం". "ప" అన్నాడు అవధాని. గౌరీపతి కాకుండా మళ్లీ "త నిషేధం". "ద" అన్నాడాయన. గౌరీపద... దారి మళ్లీ తెరుచుకుంది. ఇంతలోనే మొదటి అక్షరం గురువైంది, రెండో అక్షరం రకారమైంది. ఇక నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి, నాలుగింటికీ ప్రాస రకారమే. అర్థం చెడకూడదు, గణం తప్పకూడదు.

ఇక్కడ అవధాని కన్నా పృచ్ఛకుణ్ని చూడండి. "గౌ" వినగానే ఆయనకు "త" ఎలా తట్టింది? బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం మార్స్‌లెన్-విల్సన్ చెప్పింది ఇదే. మాట మొదటి శబ్దం చెవిన పడగానే దానితో మొదలయ్యే మాటలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. తర్వాతి శబ్దం పడేకొద్దీ సరిపడనివి తప్పుకుంటాయి. మనందరిలో తెలియకుండా జరిగిపోయే ఆ పనిని నిషిద్ధాక్షరి నెమ్మది చేసి, పైకి తెచ్చి, పదిమంది ముందు పెడుతుంది. ప్రయోగశాలలు లేని రోజుల్లో మన పెద్దలు ఇలాంటి పరీక్షను వినోదంగా తీర్చిదిద్దుకున్నారంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దత్తపదిది ఇంకో తలుపు. కారు, లారీ ఇచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటారు. అవధాని కారును కారుచిచ్చులోనో, "వారు సామాన్యులు కారు" అన్నచోటో దించుతాడు. లారీని "వారలారీతి" అనే సంధిలో దాచేస్తాడు. రెండర్థాల మాట వినగానే, సందర్భం ఏదైనా, క్షణకాలం రెండర్థాలూ మేలుకుంటాయని డేవిడ్ స్విన్నీ 1979లో ప్రయోగంతో చూపించాడు. అక్కర్లేని అర్థం మనలో సెకను తిరక్కుండానే సద్దుమణిగిపోతుంది. అవధాని దాన్ని సద్దుమణగనివ్వడు.

ఆఖరున ధారణ. చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా తిరిగి చెప్పాలి. పశ్చిమ గోదావరి బిడ్డ గరికిపాటి నరసింహారావు 1996లో కాకినాడలో 1116 మంది పృచ్ఛకులతో మహాసహస్రావధానం చేశారు. అలాంటి ధారణలో ఒక మాట జారితే యతి పట్టిస్తుంది, ప్రాస పట్టిస్తుంది, గణం పట్టిస్తుంది. ఛందస్సును కవికి సంకెళ్లనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. జ్ఞాపకానికి అవి చేతికర్రలు.

మాటకు అర్థం ఒక దారి, శబ్దం ఒక దారి అన్న సంగతి మన పాత చదువుకు తెలుసు. నిఘంటువు అకారాది వరసలో నడుస్తుంది. పిఠాపురం సంస్థానం పోషించిన సూర్యరాయాంధ్ర నిఘంటువూ అంతే. పిల్లలు వల్లెవేసిన అమరకోశం మాత్రం స్వర్గం, భూమి, అడవి, మనుషులు అంటూ వర్గాలుగా నడుస్తుంది, ఒక వస్తువు పేర్లన్నీ ఒక్కచోటే. మనసుకు రెండు వరసలూ కావాలి.

ఎన్ని దారులుంటే అంత మేలు కాబోలు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువూ సంధ్యా లేనివాళ్లలోనూ ఈ తేడా ఉంది.

అమ్మ వెతుక్కున్న మాట నెల తర్వాత దొరికింది. బంధువుల పెళ్లికి వెళ్లాం. కొబ్బరితోటలో పొయ్యిలు తవ్వి వంటలు చేస్తున్నారు. గుండిగకు చిల్లుల మూత అడ్డుపెట్టి, వంచి అన్నం వారుస్తుంటే గంజి ఆవిరి గుప్పుమంది. మా ఇంట్లో కుక్కరొచ్చి నలభై ఏళ్లయింది, అప్పట్నుంచి గంజి వార్చింది లేదు. కుర్చీలో కూర్చున్న అమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"సిబ్బి! సిబ్బిరా అబ్బాయ్!"