ఇల్లు చూపించువాడు

ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినాడట ఇంకొకడు. ఈ సామెతను తరగతిలో చెప్పినప్పుడెల్లను విద్యార్థులు నవ్వుదురు. వారితోపాటు నేనును నవ్వుదును. కాని సామెతలు తరచుగా అరుదైన మనుష్యులను పట్టుకొని పుట్టునని నా యనుమానము. చుట్టకు నిప్పడిగినవాడు ఊరికొక్కడుండును. కాలిన యింటికి మరునాడు తాటాకు మోసికొనివచ్చువారు పదుగురుందురు. వారిని గూర్చి మనకు సామెత లేదు.

నా బాల్యము గోదావరి కాలువగట్టు నంటియున్న యొక పల్లెలో గడచినది. అచ్చట పూరిండ్లు చూరునకు చూరు తగులునట్లు వరుసగా నుండెడివి. నడుమ నిట్రాడ, దానిపై తాటిదూలము, వాసములు, వాసములపై వెదురుబద్దలు, వానిపై పొరలు పొరలుగా తాటాకు. వానకాలమున నంతకంటె చల్లని యిల్లు లేదు. వైశాఖమున నంతకంటె భయంకరమైనది లేదు. ఎండి గలగలలాడు ఆకుపై పడమటిగాలి వీచుచుండగా, పెంటకుప్పపై పారవేసిన బూడిదలో నివురుగప్పిన నిప్పొక్కటి చాలును. ఒక చూరంటుకొన్న పిమ్మట మంట ఇండ్లను లెక్కపెట్టదు.

అప్పుడు ఊరిజనము చేయు పని యొకటి కలదు. బిందెలతో నీళ్లు పోయుట, తడిపిన గోనెసంచులు కప్పుట అందరికిని తెలిసినదే. కాని వరుస మొత్తము కాలిపోకుండవలెనన్నచో మంటకు ముందున్న యొక యింటి కప్పును పీకివేయవలెను. కాలుచున్న యిల్లు కాదు. ఇంకను కాలని యిల్లు. ఆ యిల్లెవరిది? ఎవరు చెప్పవలెను? నాకు పదియేండ్ల ప్రాయమున నే నది కన్నులార చూచితిని. కేకలలో, పొగలో పెద్దలు ఒకరి ముఖమొకరు చూచుకొనుచుండగా, ఒక కూలివాడు కొడవలి నోట కరచుకొని తన యింటికప్పు తానే యెక్కెను. కట్లు కోసెను. "లాగండి!" అని పైనుండి అరచెను. తాటాకు క్రింద పడినది, మంట అచ్చటితో నిలిచినది. అవతల పదునాల్గిండ్లు బ్రతికినవి.

చిక్కు మరునాడు వచ్చినది. అప్పటి కింకను కరణములుండిరి. కరణము వచ్చి కాలిన యిండ్ల పట్టీ వ్రాసికొని పోయెను. ఆ పట్టీలో ఆ కూలివాని పేరు లేదు. ఏల యుండును? అతని యిల్లు కాలలేదు గదా! సర్కారువారి బియ్యము, రొక్కము కాలిన యిండ్లకే చెందును. ఆ సాయంకాలము మా తాతగారు, మరి నలుగురును కూడి, ఊరివా రిచ్చు తాటాకులో మొదటి బండి ఎవరికని తర్కించి, మొదట అతని కప్పే వేయించిరి. ఎవరో వెదుళ్లిచ్చిరి, ఎవరో తాటినార ఇచ్చిరి. కాలినవారు కూడ వచ్చి చేయి వేసిరి. అతడు మాత్రము సిగ్గుపడుచు, "నాదేం కాలలేదు గదండీ" అని అడ్డుపెట్టుచుండెను.

ఈ సంగతి నాకు మరల జ్ఞప్తికి రాదగిన సందర్భమొకటి పట్టణములో తటస్థించినది. ఉద్యోగవశమున మూడూళ్లు తిరిగినవాడను గనుక అద్దెయిండ్ల వేటలో నాకు కొంత అనుభవము కలదు. ఇండ్లు చూపించువారిని లోకము దలాలులనియు, బ్రోకర్లనియు కొంచెము చులకనగా పిలుచును. ఇంటివానితో నొకమాట, అద్దెవానితో నొకమాట చెప్పి నెల అద్దె జేబులో వేసికొనువాడని ప్రతీతి. అట్టివారును లేకపోలేదు. మా పట్టణపు ఆయన వేరు. పేరు వ్రాయుట ఆయన కిష్టము లేదు.

"మాస్టారూ, మీరంతా ఇల్లు పగలు చూస్తారు. గాలి, వెలుతురు, ఈశాన్యం, వాస్తు. నేను రాత్రి కూడా చూస్తాను. మెట్ల దగ్గర దీపం లేకపోతే పగలు తెలీదు గదా" అని ఆయన మొదటి పరిచయములోనే చెప్పెను. ఆయన పరీక్ష విచిత్రమైనది. డాబా యెక్కి పిట్టగోడ తన నడుమునకు వచ్చుచున్నదా లేదా అని ఆనుకొని చూచును. పెరటిబావికి వరగలు కదలుచున్నవేమో తన్ని చూచును. స్నానపుగదిలో గ్యాసు గీజరున్నచో గాలి పోవు కిటికీ యున్నదా యని చూచును. మూసిన గదిలో ఆ మంట వలన పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, లోనున్న మనిషి తలుపు గడియ తీయక ముందే స్పృహ తప్పవచ్చును. వంటయింట కిటికీ పైనున్న చాలదు, గాలి క్రిందినుండియు పోవలెనని వాదించును. మొదట నాకు చాదస్తముగా తోచినది. పిమ్మట రసాయనశాస్త్రపు మిత్రునడుగగా, వంటగ్యాసు గాలికంటె బరువైనదనియు, కారినచో పొగవలె పైకి పోక నీటివలె నేలపై పరచుకొనుననియు చెప్పెను. దానికి సహజముగా చెప్పుకోదగిన వాసన లేదు. కారినప్పుడు మనము పసిగట్టుటకే మెర్కాప్టన్ అను దుర్వాసన ద్రవ్యమును కలుపుదురు. ఆ వాసన వచ్చినప్పుడు దీపపు మీట వేయుటయు ప్రమాదమే, ఆర్పుటయు ప్రమాదమే. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906 అను అంకెకు ఫోను చేయవలెను. పొయ్యికిని సిలిండరుకును నడుమనుండు గొట్టమును అయిదేండ్లకొకసారి మార్చవలెను. ఇంతమంది చదువుకొన్నవారి యిండ్లలో దానిపై ముద్రించిన సంవత్సరమును చూచినవా రెందరు? నేను చూడలేదు. ఆయన చూచి, "మాస్టారూ, ఇది మీ అబ్బాయి ఇంటరు చదివేటప్పటిది" అనెను. అప్పటికి మావాడు ఉద్యోగము చేయుచుండెను.

ఇంత పట్టింపేల యని యొకనాడడిగితిని. ఆయన చాలసేపు పలుకలేదు. టీ గ్లాసు క్రింద పెట్టి మెల్లగా చెప్పెను.

"పాతికేళ్ల క్రితం ఒక కుర్రాడికి గది చూపించానండీ. కాలేజీ కుర్రాడు, పల్లెటూరివాడు. బకెట్టులో ముంచే హీటరు పెట్టుకునేవాడు. ఆ ఇంటికి ఎర్తు లేదు. నాకు తెలుసు. ఇంటాయన్ని అడిగితే వేయిస్తానన్నాడు. నా కమీషను నేను తీసుకున్నాను. సంక్రాంతి ముందు... ఆ కుర్రాడి తండ్రి వచ్చి సామాను పట్టుకెళ్లాడు. నన్నేమీ అనలేదండీ. నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు."

ఆ నమస్కారమే ఆయనను వదలలేదనుకొందును. నాటినుండి ఆయన తన కమీషనులో నుండి కొంత వేరొక డబ్బాలో వేయుచున్నాడు. దానితో అన్నదానములు చేయడు, దుప్పట్లు పంచడు. కాలువగట్టు పేటలో ముసలివా రుండు ఇండ్లకు పోయి గ్యాసుగొట్టములు మార్పించును, తెగిన తీగలు తీసివేయించును, వీలైనచో విద్యుత్తు కారినవెంటనే ప్రవాహమును తెంచివేయు ముప్పది మిల్లీ ఆంపియర్ల మీటను బిగింపించును. దుప్పటి పంచినవారి చిత్రము పత్రికలో పడును. గొట్టము మార్చినవాని చిత్రము పడదు. జరుగని ప్రమాదమునకు వార్త లేదు గదా. మా విద్యార్థులు కొందరు రెండు వేసవులు ఆయన వెంట తిరిగిరి. తీగెలు ముట్టు పని మాత్రము లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకే వదలిరి.

చట్టమేమి చెప్పుచున్నదని అడుగువా రుందురు. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టము కొనుగోలుదారుకు మేలు చేసినది. నమోదు కావలసిన కట్టడములలో ఇండ్లమ్మించు మధ్యవర్తి తానును నమోదు కావలెను. ఇల్లు స్వాధీనమైన అయిదేండ్లలో కట్టడపు లోపము బయటపడినచో కట్టినవాడే బాగుచేయవలెను. మంచిదే. కాని ఆ చట్టము చూపు అమ్మకముపైన. ఒంటిగది అద్దెకు తీసికొను విద్యార్థి దాని కంటికి కనబడడు.

మన పూర్వులకు ఇంటి భద్రత తెలియదనుకొనుట పొరపాటు. ఉత్తరాంధ్ర పల్లెలలో చుట్టిల్లని యొకటి కలదు. గుండ్రని మట్టిగోడ, శంఖాకారపు కప్పు, వంగి దూరవలసినంత క్రిందికి దిగిన చూరు. సముద్రపుగాలి కొట్టుటకు దానికి చదునైన ముఖమే లేదు. గాలి దానిని చుట్టి పోవును. లోపల మట్టి అటకయుండుటయు కలదు. కప్పంటుకొన్నను గింజలు దక్కునని పెద్దలనెడివారు. నేడు వానిని దరిద్రపు గుర్తులని పడగొట్టి రేకులు వేయుచున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఆ రేకులే కత్తులై ఎగిరినవి. అయితే చుట్టిల్లు గాలికే గాని ఉప్పెనకు నిలువదు. 1977 నవంబరు 19న దివిసీమపై సముద్రము విరుచుకొనిపడినప్పుడు మట్టియిండ్లు మట్టిలో కలిసినవి. దాదాపు 10,000 మంది పోయిరి. దేశము నలుమూలలనుండి దాతలు వచ్చిరి, సినిమా నటులు జోలెపట్టి విరాళములు సేకరించిరి, పక్కాయిండ్లును తుపాను ఆశ్రయములును లేచినవి. ఉప్పెన యెదుట మిద్దెయే దిక్కు.

ఇల్లు కట్టియిత్తుమనుటకు ముందు చోటుండవలెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు వినోబా భావేను 80 ఎకరములడిగిరి; వెదిరె రామచంద్రారెడ్డిగారు నిలిచినచోటనే 100 ఎకరములిచ్చిరి. అడిగినదానికి ఇరువది యెక్కువ. మా యిండ్లాయనకు ఈ కథ చెప్పితిని. ఆయన లెక్కలమనిషి. "ఆ ఇరవై ఎందుకిచ్చారండీ?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. ఆ కూలివాని సంగతి చెప్పితిని. ఈసారి ఆయన ఏమియు అడుగలేదు.

పోయిన వేసవిలో నేనుండు అద్దెయిల్లు ఖాళీ చేసితిని. తరువాత రాదగినవారు ఇద్దరు పిల్లలు గల పంతులమ్మగారు. మా యిండ్లాయన ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పనివాడు బల్బు తగిలించిన రెండు తీగెలలో నొకదానిని కరెంటు వచ్చు రంధ్రమునను, రెండవదానిని పైనుండు పెద్ద రంధ్రమునను ఉంచెను. బల్బు వెలుగలేదు. ఎనిమిదేండ్లు నేను ఆ యింటనే నీళ్లు కాచుకొంటిని.

ఇంటి యజమాని, "వచ్చే నెలలో చేయిస్తాలెండి" అనెను.

"అయితే వచ్చే నెలలోనే చేరతారండీ" అని ఆయన పంతులమ్మగారి అడ్వాన్సు రొక్కమును ఆమె చేతికే తిరిగి యిచ్చివేసెను. తన కమీషను అడుగలేదు.

మూడవనాడు పెరటిలో గొయ్యి త్రవ్వి, గొట్టము దింపి, బొగ్గును ఉప్పును పోసి, నీళ్లు పట్టిరి. నేను పుస్తకముల పెట్టెకై మరల పోయినప్పుడు ఎలక్ట్రీషియను తీగెలు పట్టుకొని గోడకడ నిలుచుండెను. బల్బు వెలిగినది. పంతులమ్మగారి చిన్నపిల్ల చప్పట్లు కొట్టినది. ఆయన సంచిలోనుండి ఒక నలిగిన చిన్నపుస్తకము తీసి, నా పేరు కొట్టివేసి, క్రింద ఆమె పేరు వ్రాసికొనెను.