చుట్టూ ఫ్రాన్సు... నడుమ స్పెయిన్ ఊరు

ఊరు స్పెయిన్‌ది. చుట్టూ ఉన్న నేలంతా ఫ్రాన్సుది. ఏ దిక్కుకు నడక మొదలుపెట్టినా గంట తిరక్కుండా మనిషి దేశం దాటేస్తాడు. అడిగేవాడుండడు, ఆపేవాడుండడు. పొలం గట్టు పక్కన నంబరు చెక్కిన రాయి ఒకటి కనిపిస్తుంది. సరిహద్దు అంటే అంతే!

ఆ ఊరి పేరు లివియా. పిరనీస్ కొండల్లో, సర్దాన్యా అనే విశాలమైన లోయలో సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. జనాభా అటూఇటూగా పదిహేను వందలు. విస్తీర్ణం 13 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. స్పెయిన్ అసలు భూభాగం రెండు కిలోమీటర్ల లోపు దూరంలోనే ఉన్నా, ఆ కాస్త మేరా ఫ్రాన్సు నేలే.

ఇలాంటి ఊరంటే ఏమిటో యానాం పాఠకులకు విడమర్చి చెప్పక్కర్లేదు. కాకపోతే అక్కడ కథ తిరగబడింది. 1954 దాకా యానాం ఫ్రాన్సు చేతిలో ఉండేది, చుట్టూ మన దేశం. లివియాకేమో చుట్టూ ఫ్రాన్సు.

ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్ ఆఖరు దాకా అక్కడున్నాను. వీసా ఇచ్చేదే తొంభై రోజులకు. రెండు దేశాలకూ ఒకే వీసా చెల్లుతుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే కూరగాయలకు వెళ్లాలన్నా ఇబ్బందే. మా అమ్మాయి పనిచేసేది ఫ్రాన్సు వైపున్న ఒదెయ్యోలో. అక్కడో పెద్ద సౌర కొలిమి ఉంది. కొండవాలు మీద నిలబెట్టిన 63 అద్దాలు ఎండను పట్టి, 54 మీటర్ల ఎత్తున్న పుటాకారపు అద్దపు గోడ మీదికి తోస్తాయి. అది ఆ వెలుగంతా ఒక్కచోటికి చేర్చితే 3,500 డిగ్రీల వేడి పుడుతుంది. ఉద్యోగం అక్కడ, అద్దె ఇల్లు లివియాలో. పొద్దున స్పెయిన్‌లో కాఫీ, పగలు ఫ్రాన్సులో పని, రాత్రికి మళ్లీ స్పెయిన్‌లో అన్నం. హోసూరులో కాపురం ఉంటూ రోజూ బెంగళూరుకు బస్సెక్కే మావాళ్లు దీనికేమీ ఆశ్చర్యపోరు.

ఒక్క మాట కాపాడిన ఊరు

1659లో ఫ్రాన్సు, స్పెయిన్ రాజులు పిరనీస్ సంధి చేసుకున్నారు. కొండల వరస హద్దు అన్నారు. ఈ లోయ పంపకం మాత్రం తేలలేదు. మరుసటి ఏడు, 1660 నవంబరులో, లివియాలోనే కూర్చుని లెక్క తేల్చారు. లోయలోని 33 పల్లెలు ఫ్రాన్సుకు వెళ్లాలి. స్పెయిన్ తరఫువాళ్లు పట్టుకున్న కొస ఒకటే. ఒప్పందంలో ఉన్నది ‘పల్లెలు’ అనే మాట, లివియాకు ‘పట్టణం’ హోదా ఉంది, కాబట్టి అది లెక్కలోకి రాదు అన్నారు. అలా ఒక్క మాట మీద ఊరు మిగిలిపోయింది. కరణాలు రాసే దస్తావేజుల్లో ఒక్క అక్షరంతో పొలాలు చేతులు మారడం విన్నాంగానీ, ఒక ఊరు ఊరంతా దేశం మారకుండా నిలవడం ఇదే వినడం.

ఊరికి గట్టి చరిత్రే ఉంది. పైన గుట్ట మీద కోట శిథిలాలున్నాయి. 1479లో ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ హయాంలో పడగొట్టారు. కింద మ్యూజియంలో పాత మందుల అంగడి సామగ్రి పెట్టారు. ఐరోపాలోకెల్లా పాత మందుల అంగళ్లలో ఇదొకటని చెబుతారు. నీలిరంగు పూల జాడీలు, బొమ్మలేసిన కొయ్య పెట్టెలు వరసగా ఉంటాయి. చూడటానికి అరగంట చాలుగానీ, నేను మూడుసార్లు వెళ్లాను. వాన పడితే ఊళ్లో పోవడానికి ఇంకో చోటు లేదు మరి.

రాత్రికి రాత్రే పీకేసిన బోర్డులు

లివియా నుంచి స్పెయిన్ వైపు పెద్ద ఊరు పుచ్‌సర్దాకు ఆరు కిలోమీటర్లు. దారి ఫ్రాన్సు నేల మీదుగా పోతుంది. ఒప్పందం ప్రకారం ఆ దారిలో లివియావాళ్ల రాకపోకలకు అడ్డు ఉండకూడదు. 1970ల్లో ఫ్రాన్సు అధికారులు తమ పెద్ద రోడ్డు ఈ దారిని దాటేచోట ‘స్టాప్’ బోర్డు పెట్టారు. మా దారిలో మేమెందుకు ఆగాలి అని ఊరివాళ్లకు మండింది. తెల్లారేసరికి బోర్డు లేదు! మళ్లీ పాతారు, మళ్లీ పీకారు. ఏళ్ల తరబడి నడిచిన ఈ తగాదాకు ‘స్టాపుల యుద్ధం’ అని పేరే పడిపోయింది. పెద్ద రోడ్డు మీదుగా వంతెన కట్టాకగానీ చల్లారలేదు. ఎదురింటి పెద్దాయన ఈ సంగతి చెప్పేటప్పుడు నవ్వుతూ చేతులు చూపిస్తాడు. ఆ చేతులు బోర్డులు పీకినవో కాదో మాత్రం చెప్పడు.

1995లో రెండు దేశాల మధ్య తనిఖీలు ఎత్తేశారు. 2002లో చేతిలో నోట్లు కూడా ఒకటే అయ్యాయి. అప్పటిదాకా ప్రతి ఇంట్లో రెండు రకాల డబ్బు పెట్టుకునేవాళ్లట. 2015 నవంబరులో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్సు మళ్లీ తనిఖీలు పెట్టింది. నేనున్న మూడు నెలల్లో రెండుసార్లు రోడ్డు మీద పోలీసులు కాగితాలు చూశారు, అంతే. 2020 మార్చిలో కరోనా వేళ సరిహద్దులు బిగించినప్పుడు మాత్రం, చుట్టూ ఉన్నది పరాయి దేశమన్న సంగతి చాలా ఏళ్ల తర్వాత గుర్తొచ్చిందని ఊళ్లో అంటారు.

సరిహద్దును అందరికంటే ఎక్కువ పట్టించుకునేది ఫోనే. వంటగదిలో ఉంటే స్పెయిన్ టవరు, పెరట్లోకి వెళితే ‘ఫ్రాన్సుకు స్వాగతం’ అని మెసేజి. 2017 జూన్‌లో ఐరోపా దేశాల మధ్య రోమింగ్ చార్జీలు తీసేశారు కాబట్టి సరిపోయింది. అంతకుముందు పెరట్లో నిలబడి మాట్లాడితే బిల్లు వాచిపోయేదట.

గడియారం ఒకటే... ఆకళ్లు వేరు

రెండు వైపులా టైము ఒకటే. తిండి వేళలు మాత్రం కలవవు. ఫ్రాన్సు వైపు పల్లెల్లో పన్నెండున్నరకల్లా బల్ల ముందు కూర్చుంటారు. లివియాలో రెండు దాటందే పొయ్యి వైపు చూడరు. రాత్రి భోజనం తొమ్మిదికి. స్పెయిన్ 1940లో గడియారాన్ని గంట ముందుకు జరుపుకుని, మళ్లీ వెనక్కి తిప్పలేదు. సూర్యుడి లెక్కన చూస్తే వాళ్ల రెండు గంటలంటే ఇంచుమించు నడినెత్తి పొద్దే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురు ఉంటుంది. దీపం పెట్టే వేళ ఎప్పుడో తెలియక మొదట్లో నాకు తికమకగా ఉండేది.

మధ్యాహ్నం ఒకటిన్నరకు అంగళ్లు మూసేస్తే మళ్లీ తెరిచేది అయిదుకు. ఆ మధ్యలో ఊరు ఊరంతా తలుపులేసుకుంటుంది. ఉప్పు అయిపోయినా అయిదు దాకా ఆగాల్సిందే. పొద్దున్నే తెరిచేది బ్రెడ్డు అంగడి. రాళ్లు పరిచిన సందుల్లో ఆ వాసన వెంట పోతే చాలు, దారి అడగక్కర్లేదు. కాల్చిన బ్రెడ్డు మీద పండిన టమోటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు చల్లుకుని తింటారు. పొద్దున అదే, సాయంత్రం అదే. ఈ లోయ సొంత వంట ‘త్రిన్‌షాత్’. ఉడికించిన క్యాబేజీ, బంగాళాదుంప కలిపి మెదిపి పెనం మీద అట్టులా ఎర్రగా కాలుస్తారు. మంచు పడ్డాక కోసిన క్యాబేజీకే రుచి అంటారు. పైన పంది మాంసం ముక్కలు వేస్తారు. వద్దంటే హోటలాయన నొచ్చుకున్నాడుగానీ తీసేసే ఇచ్చాడు. దానిమీద ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి చల్లితే... అబ్బ, అన్నం గుర్తు రాలేదు. మిరపకాయ ఘాటు మాత్రం అక్కడి నాలుకలకు పడదు. మా పక్కింటావిడ వేలి కొసన అంటించుకుని చూసి, రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

పెట్రోలు, సిగరెట్లు స్పెయిన్‌లో చవక. అందుకని ఫ్రాన్సు కార్లు లివియాకు వస్తుంటాయి. ఆదివారం పుచ్‌సర్దా సంతకు రెండు దేశాలవాళ్లూ చేరతారు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలన్నిటిలో పెద్దది ఆసుపత్రి. ఫ్రాన్సు వైపు పల్లెలవాళ్లు ఒకప్పుడు పెద్ద జబ్బు చేస్తే వంద కిలోమీటర్లు కొండ దిగి పెర్పిన్యాకు పోవాలి. చలికాలం మంచులో ఆ దారి నరకం. రెండు ప్రభుత్వాలూ కలిసి పుచ్‌సర్దాలో ఒకే ఆసుపత్రి కట్టాయి. ఖర్చులో స్పెయిన్ వైపున్న కటలోనియా వాటా 60 శాతం, ఫ్రాన్సుది 40 శాతం. 2014 సెప్టెంబరులో తెరిచారు. డాక్టర్లు, నర్సులు రెండు దేశాలవాళ్లూ ఉన్నారు. కటలాన్, స్పానిష్, ఫ్రెంచి మూడూ నడుస్తాయి. చిక్కులు లేకపోలేదు. ఫ్రాన్సు తల్లికి ఇక్కడ కాన్పయితే బిడ్డ పుట్టింది పరాయి గడ్డ మీద అవుతుంది, జనన పత్రం కోసం తిరగాలి. అయినా సరిహద్దు పల్లెల్లో ఉన్నవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సంగతి ఏముంటుంది? మన దగ్గర రాష్ట్రం మారితే ఆరోగ్య కార్డు చెల్లక వెనక్కి తిరిగినవాళ్లు ఈ పేజీ చదివేవారిలోనే ఎందరో.

అవ్వకు వచ్చు... మనవరాలికి రాదు

లివియాలో స్పానిష్ అందరికీ వచ్చు. ఇంట్లో, వీధిలో, అంగడిలో పాత కుటుంబాలవాళ్లు మాట్లాడేది మాత్రం కటలాన్. పొద్దున ఎదురైతే ‘బోన్ దియా’ అంటారు. మనకు రాదని తెలిస్తే వెంటనే స్పానిష్‌లోకి మారిపోతారు. పలకరింపు మాత్రం తమ భాషలోనే. బడిలో చదువు ప్రధానంగా కటలాన్‌లో. ఇది ఊరికే వచ్చింది కాదు. 1939 నుంచి 1975లో చనిపోయేదాకా ఫ్రాంకో పాలనలో ఆ భాషను బడుల నుంచి, ఆఫీసుల నుంచి గెంటేశారు. ఎదురింటి పెద్దాయన తన తల్లిభాషలో రాయడం పెళ్లయ్యాక నేర్చుకున్నాడు. 1979లో స్వయంపాలన, 1983లో భాషా చట్టం వచ్చాక బడిలోకి భాష తిరిగొచ్చింది. ఆయన కొడుకు కటలాన్‌లోనే లెక్కలు నేర్చుకున్నాడు.

ఇక పొలాలు దాటితే ఎస్తవార్. ఫ్రాన్సు పల్లె. లివియా ఇళ్లకూ దానికీ మధ్య నడిచేంత దూరమే. ఇదీ కటలాన్ పల్లెగానే పుట్టింది. 1659 దాకా రెంటిదీ ఒకే దేశం, ఒకే మాట. 1700లో పద్నాలుగో లూయీ దస్తావేజుల్లో కటలాన్ వాడకూడదని శాసనం చేశాడు. ఆ తర్వాత బడి వచ్చింది, ఫ్రెంచిలో వచ్చింది. ఊరి పేరు బోర్డు మీద ఇప్పుడు రెండు భాషలూ రాస్తున్నారు. మాట మాత్రం జారిపోయింది.

ఎస్తవార్‌లో బ్రెడ్డు అంగడి దగ్గర తరచూ ఒక అవ్వ కనిపించేది. లివియాలోని చుట్టాలతో ఆమె కటలాన్‌లో మాట్లాడుతుంది. పక్కనున్న మనవరాలు ఫ్రెంచిలో బదులిస్తుంది. అవ్వ మాట ఆ పిల్లకు సగం అర్థమవుతుంది, తిరిగి పలకడం రాదు. ఇంట్లో భాషను ఎవరూ నిషేధించలేదు. బడిలో లేదు, అంతే. మూడు తరాల్లో పని జరిగిపోయింది.

నేను హోసూరు దగ్గర పల్లెబళ్లలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఆ అవ్వను చూస్తే మా ఊరి ముసలివాళ్లే గుర్తొచ్చారు. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వడంలో మాకెవరికీ అభ్యంతరం లేదు, అది మేం బతికే నేల భాష. తెలుగుకు గంట ఎక్కడ మిగులుతుందన్నదే మా గొడవ. తెలుగు మాట్లాడే ఇళ్లు మా దగ్గర ఇప్పటికీ వేలల్లో ఉన్నాయి. తెలుగులో ఉత్తరం రాయగల పిల్లలెందరని అడిగితే మాత్రం నీళ్లు నమలాలి.

ఫ్రాన్సు వైపువాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1976లో కొందరు కలిసి ‘బ్రెస్సోలా’ అనే కటలాన్ బడులు మొదలుపెట్టారు. బ్రెస్సోలా అంటే ఉయ్యాల. ఇంట్లో ఫ్రెంచి మాత్రమే వచ్చిన పిల్లలు కూడా అక్కడ చేరి కటలాన్ నేర్చుకుంటున్నారు.

ఏప్రిల్ 23న సాన్ జోర్ది పండగ. ఆ రోజు లివియాలో బల్లలు వేసి పుస్తకాలు, గులాబీలు అమ్మారు. ఒకరికొకరు ఇచ్చుకోవడం అక్కడి ఆచారం. జూన్ 23 రాత్రి సాన్ జోన్ మంటలు. మన భోగిమంటల్లా పాత చెక్కా ముక్కా పోగేసి కూడలిలో వెలిగిస్తారు. ఆ మంటకు నిప్పు వచ్చేది ఫ్రాన్సు వైపున్న కనిగో శిఖరం నుంచి. కాగడాలతో ఊరూరికీ మోసుకొస్తారు. 1966లో మొదటిసారి ఆ నిప్పు సరిహద్దు దాటింది, అప్పటికింకా ఫ్రాంకో రోజులు. అంటే, భాష గొంతు నొక్కేసిన రోజుల్లో స్పెయిన్ వైపుకు నిప్పు అందించింది ఫ్రాన్సు వైపువాళ్లే.

నేనున్న ఏడు పది గంటలైనా పూర్తిగా చీకటి పడలేదు. కాగడా వచ్చింది. ఒక అమ్మాయి కాగితం తీసి కటలాన్‌లో సందేశం చదివింది. జనం మంట చుట్టూ చేరారు. ఎస్తవార్ అవ్వ కూడా వచ్చింది, మనవరాలి చెయ్యి పట్టుకుని. చదువుతున్నంతసేపూ ఆ పిల్ల చెవిలో ఏదో చెబుతూనే ఉంది.