మట్టి దాచిన ఉత్తరము

తమిళులు కండిగై యనునదియే చిత్తూరు సీమ తెలుగువారికి కండ్రిగ. తిరుత్తణి చెంతనున్న కే.జీ.కండిగై పేరు విన్నప్పుడెల్ల నాకు ఈ రెండు పలుకుబళ్ళును జోడుగా స్ఫురించును. 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమును వీడి మద్రాసు రాష్ట్రమున చేరినది. పొలిమేర మాఱినదే కాని కొండ కదలలేదు, కోవెల కదలలేదు. మనుష్యులు గీచిన గీత మాఱుట వింత కాదు. ఎన్నటికిని మాఱదని మనము నమ్మియుండు ఉత్తరదిక్కు సయితము అయస్కాంతపు ముల్లు విషయమున తాఱుమాఱగుననియు, అందులకు సాక్ష్యము తిరుత్తణి నేడున్న తిరువళ్ళూరు జిల్లా మట్టిలోనే యున్నదనియు తెలిసినప్పుడు కలుగునదియే నిజమైన వింత.

కే.జీ.కండిగై చేనిగట్టున దిక్సూచి నుంచినచో, దాని ముల్లు ధ్రువనక్షత్రమునకు సరిగా ఎదురు నిలువక, రెండు డిగ్రీలకు లోపుగా పడమటికి ఒఱగును. కారణము మన పాదములక్రింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున నున్నది. అచ్చట ద్రవరూపముననున్న ఇనుము, లోపలి వేడిమిచే ఎసటివలె పైకిని క్రిందికిని పొరలుచు, భూభ్రమణముచే మెలికలు తిరుగుచు, విద్యుత్ప్రవాహములను పుట్టించును. ఆ ప్రవాహములనుండి భౌమాయస్కాంతక్షేత్రము జనించును. పొరలునది నిలుకడ లేనిది కనుక క్షేత్రమును నిలుకడ లేనిదే. ఏటేట కలుగు ఈ స్వల్పభేదములను గుర్తించుచు హైదరాబాదులో 1964 నుండి అయస్కాంత వేధశాల పనిచేయుచున్నది.

ఈ చంచలత్వము ఒక్కొక్కప్పుడు పరాకాష్ఠ నందుకొని, ఉత్తరధ్రువము దక్షిణమై, దక్షిణము ఉత్తరమగును. ఫ్రాన్సు దేశీయుడైన బెర్నార్డ్ బ్రూన్ 1906లో పురాతన లావాశిలలయందు తలక్రిందులైన అయస్కాంతత్వమును కనుగొని ఈ సంగతిని లోకమునకు తెలిపెను. కడపటి విపర్యయము జరిగి సుమారు 7,80,000 సంవత్సరములైనది. అంతకుముందు దీర్ఘకాలము నేటి దిక్సూచి యుండినచో దాని ఉత్తరపు కొన దక్షిణమునే చూపియుండెడిది. నడుమ 10,70,000 మొదలు 9,90,000 ఏండ్ల క్రిందటివఱకు మాత్రము ముల్లు ఇప్పటి తీరుననే నిలిచెను.

ఇక మన జిల్లా సంగతి. కుశస్థలి నదీలోయలోని అత్తిరంపాక్కమున 1863లో భూవిజ్ఞానియగు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆదిమానవుల రాతిపనిముట్లను కనుగొనెను. రెండు ప్రక్కల చెక్కి, పిడికిట ఇముడునట్లు తీర్చిన ఆ గండరాతి చేగొడ్డండ్ల వయస్సు ఎంతో నూఱేండ్లు గడిచినను తేలలేదు. రాయి తన పుట్టుక చెప్పదు. దానిని కప్పిన బంకమన్ను చెప్పును. వఱదనీటిలో మెల్లగా అడుగునకు దిగు సన్నని మట్టిరేణువులలోని ఇనుపఖనిజములు, ఆనాటి అయస్కాంతక్షేత్రమునకు అనుగుణముగా తలలు త్రిప్పుకొని, మట్టి గట్టిపడగానే అట్లే నిలిచిపోవును. పరిశోధకులు త్రవ్వకపు గోడమీద దిక్కును గుఱుతువేసి, చిన్న మట్టిఘనములను కోసి, పరికరములతో ఆ నిలిచిన చూపు ఎటున్నదో కొలుతురు. ఈ ప్రాంతము అయస్కాంత భూమధ్యరేఖకు సమీపమగుటచే ముల్లు ఇంచుమించు అడ్డముగనే పఱుండును. కావున గోడమీది గుఱుతు తప్పినచో సాక్ష్యమంతయు తప్పును.

పురావస్తు పరిశోధకురాలగు శాంతి పప్పు గారును ఆమె సహచరులును అత్తిరంపాక్కపు మట్టిని ఇట్లు పరీక్షింపగా, పనిముట్లున్న క్రింది పొరలయందలి చూపు నేటికి విరుద్ధముగానుండెను. రాళ్ళలోని అల్యూమినియము, బెరీలియము పరమాణువులను వేఱుగా లెక్కించి, రెండు సాక్ష్యములను కలిపి 2011లో వారు ప్రకటించిన నిర్ణయమిది: ఆ పనిముట్లు 10,70,000 ఏండ్లకు తక్కువవి కావు, సగటున 15 లక్షల ఏండ్లవి.

ఆ రాతిని చెక్కినవాడు ఉత్తరమెటో అడిగియుండడు. వాని కాలిక్రింది బురద మాత్రము దానిని వ్రాసియుంచినది. చదువుకొనువారు వచ్చుటకు పదిలక్షల యేండ్లకు మించి పట్టినది.