ఆగిన గంటకూ కూలి కట్టాలి

లారీ డ్రైవరుకు నెలకు ఎంత వస్తుందంటే ఒక్క అంకెతో తేలదు. జీతం కొంత, బత్తా కొంత, డీజిల్ మిగిలిస్తే మైలేజీ డబ్బులు కొంత. కొందరికి జీతమే ఉండదు. కిరాయిలో ఇంత వాటా అని మాట్లాడుకుని బండి ఎక్కుతారు. బయల్దేరేటప్పుడు యజమాని ట్రిప్పు ఖర్చులకని చేతిలో పెట్టిన డబ్బుతోనే భోజనం, పంక్చరు, హమాలీల మామూలు, దారిలో ఆపినవాళ్ల మామూలు అన్నీ గడవాలి. తిరిగొచ్చి లెక్క అప్పజెప్పేటప్పుడు పేచీ వచ్చేది రసీదు లేని ఖర్చు దగ్గరే. మామూళ్లకు రసీదు ఎవరిస్తారు? రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పది రవాణా కేంద్రాల్లో 1,217 మంది డ్రైవర్లను కలిసి 2020లో వెలువరించిన అధ్యయనం, దేశంలో లారీల నుంచి ఏటా లంచాలకు పోయే సొమ్మును 48,000 కోట్ల రూపాయలుగా అంచనా కట్టింది. డ్రైవర్లు రోజుకు సగటున 12 గంటలు బండి నడుపుతున్నారనీ అందులో తేలింది. ఆ లెక్కన, అన్నీ పోను నెలకు 20,000 ఇంటికి పంపే డ్రైవరు 26 రోజులు రోడ్డు మీద ఉన్నాడనుకుంటే, గంటకు గిట్టేది 64 రూపాయలు. బండి కదలని గంటలు ఇందులో కలపలేదు.

అసలు సంగతి ఆ కదలని గంటల్లోనే ఉంది. లారీ తెల్లవారుజామునే గోడౌన్ గేటుకు చేరుతుంది. టోకెన్ తీసుకోవాలి, కాటా వేయించాలి, ముందున్న బండ్లు కదిలేదాకా ఆగాలి. వంతు వచ్చేసరికి హమాలీలు భోజనానికి వెళ్లి ఉంటారు. వచ్చాక సగం దించి, మిగతాది రేపంటారు. బస్తా తడిసిందనో చిరిగిందనో గుమాస్తా ఎల్ఆర్ (లారీ రసీదు) మీద సంతకం ఆపితే ఇంకో పూట పోయినట్టే. ఇంతసేపూ డ్రైవరు బండి వదిలి పోవడానికి లేదు. టార్పాలిన్ కింద సరుకుకూ, ట్యాంకులో డీజిలుకూ, కొత్త టైర్లకూ కాపలా అతనే. ఇదంతా పనే. అయినా ట్రిప్పుకింత, కిలోమీటరుకింత అని కట్టే పద్ధతిలో దీనికి పైసా రాదు. పైగా ఇక్కడ పోయిన టైమును రోడ్డు మీద పూడ్చుకోమంటారు. కైకలూరు, ఆకివీడు నుంచి ఐసులో చేపలు వేసుకుని హౌరాకో అస్సాంకో బయల్దేరిన లారీని తీసుకోండి. సరుకు చెడకముందే మార్కెట్‌కు చేరాలి. లోడింగ్ దగ్గర పోయిన పూటను డ్రైవర్లు తమ నిద్రలోంచే తీయాలి.

రైల్వే వ్యాగన్‌ను ఇచ్చిన గడువులో ఖాళీ చేయకపోతే సరుకుదారు గంటల లెక్కన డెమరేజి కట్టాలి. అందుకే వ్యాగన్ల రేకు వచ్చిందంటే అర్ధరాత్రయినా హమాలీలను పిలిపించి దించుతారు. లారీని రెండు రోజులు నిలబెట్టినా తమకు పోయేదేమీ లేదు కాబట్టి నిలబెడతారు. కాంట్రాక్టు కాగితాల్లో హాల్టింగ్ చార్జీ ఉన్నచోట కూడా అది వసూలై డ్రైవరు దాకా రావడం అరుదు. డ్రైవరు రాబడి పెంచాలంటే ముందు పట్టుకోవలసింది ఈ ముడినే. గేటు లోపలికొచ్చాక రెండు మూడు గంటలు ఉచిత గడువు ఇవ్వండి. అది దాటిన ప్రతి గంటకూ ఆలస్యం చేసినవారే కట్టాలి. అందులో ఖాయమైన వాటా నేరుగా డ్రైవరు బ్యాంకు ఖాతాలో పడాలి.

చట్టం లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఎప్పుడో వచ్చింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది, అదనపు పనికి రెట్టింపు కూలి ఇవ్వమంది. తర్వాత దాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. అయితే ఆ పాత చట్టం వర్తించింది ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కార్మికులున్న సంస్థలకే. మన లారీ యజమానుల్లో అత్యధికులు ఒకటి రెండు బండ్లవాళ్లు. చాలామంది ఒకప్పటి డ్రైవర్లే, ఫైనాన్సు కంపెనీకి నెలనెలా కిస్తీ కడుతున్నవాళ్లే. ఆరు దశాబ్దాల పాటు చట్టం ఉండీ ఎక్కువమంది డ్రైవర్లకు అందకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆ చిన్న యజమాని నుంచే బలమైన అభ్యంతరం వస్తుంది. కిరాయిలో సగానికి దగ్గరగా డీజిలుకే పోతోంది, మిగిలినదాంట్లో టోలు, టైర్లు, ఇన్సూరెన్సు, బుకింగ్ ఆఫీసు కమీషన్ పోను జీతం ఎక్కణ్నుంచి పెంచను అంటాడు. అతని మాట నిజం. అందుకే భారం అతని మీద కాదు, బండిని ఆపినవారి మీద పడాలి. బండి త్వరగా తిరిగితే లాభం ఇద్దరికీ. ఒక ట్రిప్పు పోయి రావడానికి ఐదు రోజులు పడుతోందనుకోండి. గేట్ల దగ్గర ఒక్క రోజు తగ్గితే నాలుగే. ఐదు రోజుల లెక్కన నెలలో ఆ 26 రోజులకు ఐదు తిరిగే బండి అప్పుడు ఆరు తిరుగుతుంది. కిరాయి రూపాయి పెరగకుండానే యజమానికి కిస్తీ డబ్బు, డ్రైవరుకు ఇంకో ట్రిప్పు బత్తా.

ధరలు పెరుగుతాయన్న భయం లెక్క వేస్తే నిలవదు. 20 టన్నుల లోడు మీద డ్రైవరుకు అదనంగా 2,000 రూపాయలు ఇచ్చినా కిలోకు పడేది పది పైసలు. జీతం పెంపు దండగ కాదనడానికి దాఖలా ఉంది. అమెరికాలో జేబీ హంట్ అనే పెద్ద రవాణా కంపెనీ 1997లో డ్రైవర్ల కూలిని సుమారు మూడోవంతు పెంచింది. పని మానేసి వెళ్లేవారూ ప్రమాదాలూ బాగా తగ్గాయని ఆ కంపెనీ రికార్డులు పరిశీలించిన ఆర్థికవేత్తలు రాశారు. అది వేల బండ్ల కంపెనీ, మన ఒంటి లారీ యజమానికి అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ మంచి డ్రైవరు దొరక్క బండి ఖాళీగా పెట్టుకోవడం కూడా నష్టమే. సేవ్‌లైఫ్ అడిగిన డ్రైవర్లలో 84 శాతం మంది ఈ పనిలోకి తమవాళ్లను రమ్మనబోమన్నారు.

2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, కానీ దానివల్ల ఒంటికి సుఖం, జేబుకు కాదు. 2017లో జీఎస్టీతో రాష్ట్ర సరిహద్దు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశాక కలిసొచ్చిన టైము కూడా గోడౌన్ గేట్ల దగ్గర కరిగిపోతూ ఉంటే డ్రైవరుకు మిగిలేదేముంది? ఆగిన టైమును కొలవడం ఎలా అనే ప్రశ్నకు ఇప్పుడు తావు లేదు. ఫాస్టాగ్‌లో టోల్‌గేటు దాటిన నిమిషం ఉంటుంది, జీపీఎస్‌లో బండి ఆగిన చోటు ఉంటుంది. కావలసిందల్లా గేటులోకి వచ్చిన టైము, బయటికి వెళ్లిన టైము ఎల్ఆర్ మీద రాసి సంతకం చేయడం. దీన్ని ప్రభుత్వ సంస్థలే మొదలుపెట్టవచ్చు. ఎఫ్‌సీఐ, పౌర సరఫరాల సంస్థలు, సింగరేణి లారీలకు టెండర్లు పిలుస్తుంటాయి. ఆగిన గంటకు రేటెంత, అందులో డ్రైవరు వాటా ఎంత అన్నది వచ్చే టెండరు షరతుల్లోనే రాయవచ్చు. దానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు.