ఒక్క బాణలిలో రాత్రి భోజనం

పగలంతా శ్రమించిన కుటుంబం ఒకచోట చేరి తీరికగా తినగలిగే భోజనం రాత్రి భోజనమే. అయితే ఆ భోజనాన్ని సిద్ధం చేయవలసిన వేళ మాత్రం రోజు మొత్తంలో అతి తీరిక లేని వేళ. ఉద్యోగం నుండి ఏడు గంటలకు ఇల్లు చేరిన గృహిణికి కుక్కరులో బియ్యం పడేయడమే సులభోపాయంగా తోస్తుంది. అన్నం ఉడికిందంటే సగం వంట అయినట్లే. మిగిలిన సగం ఉదయం మిగిలిన పప్పుతోనో, ఊరగాయతోనో, మజ్జిగతోనో గడిచిపోతుంది. అందరి కడుపులూ నిండుతాయి. కాని ఆ నిండడం దేనితో అన్నదే ఈనాడు మనముందున్న ప్రశ్న.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. మరో 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి గుమ్మంలో నిలిచి ఉన్నారు. అదే సర్వేలో ఆహారానికి సంబంధించిన భాగం 2025లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో ప్రచురితమైంది. భారతీయుడు రోజూ పొందే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నదనీ, మాంసకృత్తుల వాటా 12 శాతమేననీ అది తేల్చింది. కొంత పిండిపదార్థాన్ని తగ్గించి, దాని స్థానంలో పప్పుధాన్యాలు, పాల పదార్థాలు, గుడ్లు, చేపల ద్వారా లభించే మాంసకృత్తులను చేర్చినప్పుడు మధుమేహ ప్రమాదం తక్కువగా కనిపించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అన్నం మాని చపాతీ తింటే చాలునన్న నమ్మకం మనలో బలంగా ఉన్నది. మొత్తం పిండిపదార్థం తగ్గనంతవరకు బియ్యానికి బదులు గోధుమపిండినో, చిరుధాన్యాల పిండినో వాడినంత మాత్రాన ఆశించిన మేలు కనిపించలేదని ఆ పరిశీలనే చెబుతున్నది. మార్చవలసినది ధాన్యం పేరు కాదు, కంచంలో దాని పాలు.

కంచంలోని లెక్క

పాలిష్ పట్టిన 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మాంసకృత్తులు 8 గ్రాములకు మించవు. రాత్రి ఒక మనిషికి 100 గ్రాముల బియ్యం వండడం మన ఇళ్లలో అసాధారణమేమీ కాదు. ఇందుకు భిన్నంగా, బెండకాయలో 100 గ్రాములకు 4 గ్రాముల లోపే పిండిపదార్థం. పాలకూరలో అంతకంటె తక్కువ. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పిండిపదార్థం దాదాపు శూన్యం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మన పాఠకులకు కొత్త కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో చిన్న పరిశోధనాశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 2024లో అది ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల నుండి వచ్చే శక్తి 45 శాతానికి మించరాదని సూచిస్తున్నాయి. పిండిపదార్థాన్ని అదుపు చేయడం నిన్న మొన్నటి వింత పద్ధతి కూడా కాదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనేంతవరకు మధుమేహ రోగికి వైద్యుడు ఇవ్వగలిగిన ముఖ్యమైన చికిత్స ఆహార నియమమే.

రెండు వంటలు నిలవవు

ఇంట్లో ఒకరికి మధుమేహం ఉన్నదని తెలియగానే సాధారణంగా జరిగేదేమిటి? వారికి రెండు చపాతీలు, ఒక కూర విడిగా. మిగిలినవారికి ఎప్పటిలాగే అన్నం, పప్పు, వేపుడు. నాలుగు వారాలు ఇది ఉత్సాహంగా సాగుతుంది. తరువాత వండేవారు అలసిపోతారు. తినేవారికి పక్క కంచంపై మనసు పోతుంది. నియమం సడలుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకే పొయ్యి మీద, ఒకే జత చేతులతో రెండు వంటలు ఏళ్ల తరబడి సాగడం కష్టం.

ఆ చేతులు ఎవరివన్నది కూడా తలచుకోవాలి. 2024లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపనులు చేసే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుండగా, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆరోగ్యం పేరిట ఆ 289 నిమిషాలకు మరో అరగంట కలిపే సలహా ఎంత శాస్త్రీయమైనదైనా ఆచరణలో ఓడిపోతుంది. కనుక మనకు కావలసినది రోగికి ప్రత్యేకమైన పథ్యం కాదు. ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినే, ఒకే పాత్రలో అరగంటలో పూర్తయ్యే వంట. అన్నానికి తోడుగా కూర అన్న అలవాటును తిరగవేసి, కూరకు తోడుగా కొద్దిపాటి అన్నం అనుకుంటే దారి దొరుకుతుంది.

దేశమంతటా ఉన్న విద్య

ఈ రకం వంట నేర్చుకోవడానికి విదేశాల వైపు చూడనక్కరలేదు. బొంబాయి, గుజరాత్ ప్రాంతాల పార్శీలు 'పర్ ఈడూ' అనే వంటకం చేస్తారు. బెండకాయ, టమాటా, ఆకుకూర వంటి ఏదో ఒక కూర వండి, దానిపై గుడ్లు కొట్టి మూతపెట్టడమే అందులోని కిటుకు. బెంగాలీలు చేపల పులుసులో వంకాయ, కాలీఫ్లవరు ముక్కలు కలిపి ఒకే పాత్రలో ముగిస్తారు. మన కోస్తా జిల్లాల్లో సొరకాయ-పచ్చిరొయ్యలు, బీరకాయ-కోడిగుడ్డు కూరలు తరతరాలుగా ఉన్నవే. వీటిని పక్క వంటలుగా కాక అసలు భోజనంగా భావించడమే కొత్త.

నలుగురికి సరిపడే మూడు వంటలు ఇవి. వెడల్పైన, అడుగు మందంగా ఉండి, మూత చక్కగా పట్టే బాణలి ఒకటి చాలు.

బెండకాయ మీద గుడ్లు: అరకిలో లేత బెండకాయలను కడిగి, తడి పూర్తిగా తుడిచి చక్రాలుగా తరగాలి. రెండు చెంచాల నూనెలో జీలకర్ర చిటపటలాడాక రెండు ఉల్లిపాయల తరుగు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి వేయించి, బెండకాయ ముక్కలు చేర్చాలి. మూత పెట్టకుండా, జిగురు విడిచేవరకు వేయించాలి. ఆ తరువాతే ఉప్పు, పసుపు, కారం, రెండు టమాటాల ముక్కలు వేయాలి. టమాటా ముందు పడితే జిగురు వదలదు. కూర మగ్గాక గరిటెతో ఎనిమిది గుంటలు చేసి, ఒక్కొక్క దానిలో ఒక గుడ్డు కొట్టి పోసి, మంట తగ్గించి మూత పెట్టాలి. తెల్లసొన, పచ్చసొన గట్టిపడే వరకు, అంటే సుమారు ఏడెనిమిది నిమిషాలు ఉంచితే భోజనం సిద్ధం. మనిషికి 15 గ్రాముల దాకా మాంసకృత్తులు లభిస్తాయి. పిండిపదార్థం పన్నెండు గ్రాముల ప్రాంతంలో ఉంటుంది.

కాలీఫ్లవరు పులిహోర, పనీరుతో: శాకాహారులకు ఇది అనువైనది. మధ్యరకం కాలీఫ్లవరును ఉప్పు వేసిన గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచి, నీరు పూర్తిగా వడకట్టి, కొబ్బరి కోరినట్లు తురమాలి. బాణలిలో కొద్ది నూనెతో 300 గ్రాముల పనీరు ముక్కలను ఎర్రగా వేయించి ఒక పక్కకు జరపాలి. అదే నూనెలో ఆవాలు, మినపప్పు, గుప్పెడు వేరుసెనగగుళ్లు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెట్టి, పసుపు, తురుము వేసి పెద్దమంటపై ఆరేడు నిమిషాలు కలియబెట్టాలి. నీరు పోయరాదు, మూత పెట్టరాదు, పెడితే ముద్దవుతుంది. దింపాక నిమ్మరసం పిండాలి. పులిహోర రుచికి ప్రాణం తాలింపు, పులుపు అని ఈ వంట తింటే తెలుస్తుంది. పనీరు ధర భారమనుకునేవారు వేడినీటిలో నానబెట్టి పిండిన సోయా ముక్కలు వాడుకోవచ్చు.

చేప, వంకాయల పులుసు: అరకిలో చేపముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, బాణలిలో రెండు వైపులా కొద్దిగా వేయించి పళ్లెంలోకి తీయాలి. అందులోనే నల్లజీలకర్ర, పచ్చిమిర్చి వేసి, పావుకిలో వంకాయ ముక్కలు, కొద్ది కాలీఫ్లవరు, రెండు టమాటాలు మగ్గనివ్వాలి. గ్లాసున్నర నీరు పోసి మరిగాక చేపముక్కలను జారవిడిచి ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. గరిటె పెట్టక, బాణలి చెవులు పట్టి తిప్పితే ముక్క విరగదు. బెంగాలీలు ఆవనూనె వాడతారు. మనకు వేరుసెనగ నూనె సరిపోతుంది.

ఈ మూడింటికీ క్రమం ఒకటే. ముందు తాలింపు, తరువాత గట్టి కూరలు, పిమ్మట మెత్తనివి, చివర గుడ్డో పనీరో చేపో. ఈ క్రమం పట్టుబడితే ఇంట్లో ఉన్న ఏ కూరతోనైనా కొత్త వంట పుడుతుంది. ఒక్క బంగాళాదుంప, చిలగడదుంప, కంద, చేమ వంటి దుంపలను మాత్రం ధాన్యంతో సమానంగా లెక్కించాలి. ఉదయమే కూరలు తరిగి మూత డబ్బాలో ఉంచుకుంటే సాయంకాలం పని సగమవుతుంది. పైగా ఇంత సరళమైన క్రమాన్ని భర్తగాని, ఎదిగిన కొడుకుగాని, కూతురుగాని వారం రోజుల్లో నేర్చుకోగలరు. తోమవలసిన పాత్ర కూడా ఒక్కటే.

అన్నం సంగతి ఏమిటి?

పూర్తిగా మానమని ఎవరూ చెప్పడం లేదు. మనిషికి 30 గ్రాముల బియ్యంతో వండిన చిన్న గిన్నెడు అన్నంలో సుమారు 23 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. బెండకాయ-గుడ్ల కూరతో కలిపినా మొత్తం 35 గ్రాములు. ఒక్క అన్నంలోనే 78 గ్రాములున్న పాత కంచంలో సగమైనా కాదు. కూర ముందు తిని, అన్నం చివర తింటే భోజనానంతరం రక్తంలో చక్కెర తక్కువగా పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, శారీరక శ్రమ చేసేవారికి అన్నమో రొట్టెలో ఎక్కువ వడ్డించాలి. బాణలి మాత్రం అందరికీ ఒకటే.

ఒక హెచ్చరిక అత్యవసరం. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యుని సంప్రదించకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించరాదు. మందు మోతాదు పాతదే ఉండి ఆహారం తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం దాని గుర్తులు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు తప్పక వైద్య సలహా పొందాలి.

వారంలో ఏడు రాత్రులూ మార్చనక్కరలేదు. మొదట రెండు రాత్రులు ఎంచుకుని, ఇంట్లో ఎవరికి ఏది రుచించిందో గమనించి, మూడవది చేర్చవచ్చు. మధుమేహం ఒక మనిషికి వచ్చినా దానికి దారితీసే అలవాటు సాధారణంగా ఇంటందరిదీ. మార్పు కూడా ఇంటందరిదీ అయినప్పుడు రోగికి తాను వేరన్న బాధ ఉండదు, వండేవారికి రెట్టింపు పని ఉండదు, పిల్లలకు చిన్ననాడే మంచి కంచం అలవడుతుంది.