మీ ఊరి లెక్కలు మీకు తెలుసా?

*గోలేటి లాంటి చిన్న ఊరి భూగోళం, జనాభా చదివితే ఉద్యోగాల దారులు కూడా కనిపిస్తాయి*

‘మీది ఏ ఊరు?’ ఉద్యోగ ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ‘గోలేటి సార్, బెల్లంపల్లి దగ్గర’ అని చెప్పేసి ఊరుకుంటాం. ఇంకో రెండు వాక్యాలు చెప్పమంటే మాత్రం తడబడతాం. తెలంగాణ భూగోళం గ్రూప్స్ సిలబస్‌లో ఉన్న సబ్జెక్టే. దాన్ని పుస్తకంలో బట్టీ పట్టే ముందు మీ కాళ్ల కింద ఉన్న నేలతో మొదలుపెట్టి చూడండి.

ఊరు ఎక్కడుంది?

గోలేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా ఆదిలాబాద్ జిల్లానే. కాజీపేట - బల్హార్షా రైల్వే లైను ఈ మండలం మీదుగానే పోతుంది. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ పేరుకే ఆసిఫాబాద్‌ది, ఉన్నది రెబ్బెనలో. సింగరేణి బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయం బెల్లంపల్లిలో కాకుండా గోలేటి టౌన్‌షిప్‌లో ఉంటుంది. ఈ రెండు ముక్కలు గుర్తుంటే ఊరి పరిచయం సగం అయిపోయినట్టే.

ఇక నేల కింద సంగతి. ప్రాణహిత, గోదావరి నదుల లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున బొగ్గు పరుచుకుని ఉంది. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన గోండ్వానా శిలల్లో పుట్టిన బొగ్గు ఇది. ఇల్లందు నుంచి గోదావరిఖని, మంచిర్యాల మీదుగా గోలేటి దాకా ఊర్లన్నీ ఈ పట్టీ మీద పూసలు గుచ్చినట్టు కనిపిస్తాయి. రాష్ట్రం సరిహద్దు దాటి చంద్రాపూర్ వైపు వెళ్లినా గనులే. అక్కడ తవ్వేది మాత్రం నాగపూర్ కేంద్రంగా ఉన్న వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్. మైనింగ్ చదివేవాళ్లు సింగరేణితో పాటు ఈ కంపెనీ నోటిఫికేషన్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.

జనం ఎంత?

2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆసిఫాబాద్ జిల్లా జనాభా 5,15,812. విస్తీర్ణం 4,878 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు కిలోమీటరుకు 106 మంది. రాష్ట్ర సగటు 312. అంటే మూడో వంతు మాత్రమే. అడవులు ఎక్కువ, ఊళ్లు పల్చన. మధ్యలో గని ఉన్నచోట మాత్రం క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, మార్కెట్‌తో ఒక్కసారిగా జనం గుమిగూడి కనిపిస్తారు.

పంచాయతీ ఉన్నంత మాత్రాన జనగణనలో ఊరు ‘పల్లె’ కిందికే రావాలని లేదు. జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. ఏడాదిలో ఎక్కువ కాలం పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఈ మూడూ కుదిరితే మున్సిపాలిటీ లేకపోయినా ఆ ఊరిని ‘సెన్సస్ టౌన్’ అంటారు. పోటీ పరీక్షల్లో అడిగే పాయింటే ఇది. మీ ఊరికి సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

అసలు కథ ఇక్కడుంది

దేశమంతా పట్టణాలు పెరుగుతుంటే బొగ్గు పట్టణాలు కొన్ని చిక్కిపోయాయి. మందమర్రిలో 2001లో సుమారు 66 వేల మంది ఉంటే 2011 నాటికి 52 వేలయ్యారు. బెల్లంపల్లి కూడా అదే పదేళ్లలో 66 వేల నుంచి 56 వేలకు దిగింది. జబ్బులూ కరువూ కారణం కాదు. పని తగ్గితే మనుషులు ఊరు మారతారు, అంతే.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష మందికి పైగా పనిచేసేవారు. అప్పటి ఉత్పత్తి ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నులు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు. పర్మినెంట్ ఉద్యోగులు మాత్రం 40 వేల దగ్గర. బొగ్గు మూడింతలు దాటింది, ఉద్యోగులు సగానికన్నా తగ్గారు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మస్ స్థానంలో షావెళ్లు, డంపర్లు వచ్చాయి, మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతికి పోయింది.

బయట చూసినా ఇదే తీరు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మెక్‌డోవెల్ కౌంటీ ఒకప్పుడు బొగ్గుకు పెట్టింది పేరు. 1950లో అక్కడ దాదాపు 99 వేల జనాభా. 2020లో 19 వేలు. అంత దూరం ఎందుకు, మన జిల్లాలోనే కాగజ్‌నగర్ ఉంది. 2014లో సిర్పూర్ పేపర్ మిల్లు మూతపడితే 2018లో మళ్లీ తెరిచేదాకా ఊరు ఊరంతా దిక్కులు చూసింది. ఒకే కంపెనీని నమ్ముకున్న ఊరికి ఆ కంపెనీ తుమ్మితే జలుబు చేస్తుంది.

మరి మనం ఏం చేయాలి?

‘నాన్న ఉద్యోగం వస్తుందిలే’ అని డిగ్రీ తర్వాత మూడు నాలుగేళ్లు ఖాళీగా కూర్చునేవాళ్లు కోల్‌బెల్ట్‌లో ప్రతి వాడలో ఉన్నారు. డిపెండెంట్ ఉద్యోగం వస్తే మంచిదే. అది వచ్చేదాకా కాలం మాత్రం ఆగదు కదా!

* గనుల్లోనే స్థిరపడాలనుకుంటే: మైనింగ్ డిప్లొమా లేదా బీటెక్‌తో పాటు డీజీఎంఎస్ ఇచ్చే ఓవర్‌మన్, మేనేజర్ సర్టిఫికెట్లు కీలకం. ఇవి ఒక్క సింగరేణికే పరిమితం కావు, దేశంలో ఏ బొగ్గు గనిలోనైనా పనికొస్తాయి. కొత్తగూడెం, మంథనిల్లో మైనింగ్ ఇంజినీరింగ్ చదవొచ్చు.
* సింగరేణి నోటిఫికేషన్ చూస్తుంటే: ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల వారికి స్థానిక కోటా ఉంటుంది. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దుకోండి, చివరి రోజు పరుగులు వద్దు.
* ఎలక్ట్రికల్ వాళ్లయితే: జైపూర్‌లో సింగరేణికి 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. సంస్థ సోలార్ ప్లాంట్లు కూడా పెట్టింది. సోలార్ మెయింటెనెన్స్ నేర్చుకుంటే రేపు ఏ రాష్ట్రానికి వెళ్లినా పని దొరుకుతుంది.
* కంప్యూటర్ సైన్స్ వాళ్లయితే: మీ ఊరినే ప్రాజెక్టు చేయండి. జనగణన వెబ్‌సైట్‌లో జిల్లా హ్యాండ్‌బుక్ ఉచితం. 2011 పుస్తకంలో గోలేటి కోసం వెతికేటప్పుడు ఆదిలాబాద్ జిల్లా కింద చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు పెట్టి ఓపెన్‌కాస్టు ఏ ఏడాది ఎంత విస్తరించిందో కొలవండి. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మ్యాపు గీయండి. నెల రోజుల పని. రెజ్యూమెలో అందరూ పెట్టే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం కన్నా ఇది వంద రెట్లు నయం. అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు మీ దగ్గరే ఉంటుంది.

రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. పదహారేళ్ల తర్వాత గోలేటి, బెల్లంపల్లి, మందమర్రి పక్కన కొత్త అంకెలు చేరతాయి. అవి పెరుగుతాయా తగ్గుతాయా అనేది కొంతవరకు మీలాంటి వాళ్లు ఏం నేర్చుకున్నారు, ఎక్కడ పని వెతుక్కున్నారు అన్నదాని మీదే ఉంటుంది. పాత అంకెలు ఈ వారమే డౌన్‌లోడ్ చేసుకోండి. కొత్తవి రాగానే పక్కపక్కన పెట్టి చూడొచ్చు.